తల లేని నెమలి జంపఖానా

మా చిన్నప్పుడు... నేసిన జంపఖానాలు భుజాన వేసుకొని మా నాయిన సేటు దుకాణానికి బయలుదేరగానే, అమ్మ గబగబా గుంట మగ్గంలోకి దిగేది. ఆయన కొత్త నూలుతో తిరిగొచ్చేదాకా ఆ మగ్గం అమ్మది.

వరంగల్ కొత్తవాడలో మా ఇల్లు. ఇల్లంటే ఒక్కటే అర్ర... సగం మగ్గానికి, సగం మాకు. రెండో ప్రపంచయుద్ధం రోజులవి, నూలు దొరకడమే గగనం. నాకు ఎనిమిదేళ్లుంటాయేమో.

మిగతా రోజుల్లో అమ్మకు తీరికెక్కడిది... పొద్దున్నే జొన్న గటక వండాలి. నూలుకు గంజి పెట్టాలి. రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టాలి. తమ్ముడి తొట్టెల తాడు కాలి బొటనవేలికి కట్టుకునేది. చేతులు కండె చుడుతుంటే కాలు తొట్టెల ఊపేది.

నేత తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పడుగంటే మగ్గం మీద నిలువుగా పరిచే దారాలు. ఒక పడుగు నేయడం అయ్యాక చివర కొంత మిగులుతుంది, అది పూర్తి జంపఖానాకు చాలదు. అందులో కూడా ఆఖరి జానెడు నేయకుండా వదలాలి. కొత్త పడుగు దారాలను ఆ కొసలకే ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. ఆ జానెడు లేకపోతే వందల దారాలను మళ్లీ మొదటి నుంచి పన్నెలోకి, అంటే మగ్గం మీది దువ్వెనలాంటి చట్రంలోకి ఎక్కించాలి. రోజుల తరబడి మగ్గం ఆగుతుంది... మగ్గం ఆగితే మా పొయ్యి ఆగినట్టే.

ఆ జానెడుకు ఇవతల మిగిలిందాంట్లో అమ్మ తన బొమ్మలు నేసుకునేది. తెగిన రంగు దారాలు పారేయకుండా ఉప్పుకుండ పక్కన ఒక చిన్న మట్టి గురిగిలో దాచేది. పువ్వులు, నిచ్చెనలు, డబ్బాలు... ఎవరూ అడగలేదు, ఎవరూ కొనరు. ఆసారి మాత్రం నెమలి నేయాలనుకుంది. ముందే గోడ మీద బొగ్గుతో గీసుకుంది. అది చూసి నాయినమ్మ, "పొయ్యి మీద కూర మాడుతాంది, మా కోడలికి గోడ మీద నెమలి ఆడుతాంది" అనేది.

ఎప్పుడూ అమ్మను మధ్యలో లేపేది తమ్ముడి ఏడుపే. ఆ రోజు వాడు పొద్దంతా హాయిగా నిద్రపోయాడు. నేను పక్కన కూర్చొని, అడిగిన రంగు అందిస్తున్నాను. నెమలికి కాళ్లొచ్చాయి. పొట్ట వచ్చింది. పింఛం పరుచుకుంది. మెడ లేచింది. తల కూడా అయింది... కంటికి ఎర్ర దారం అడిగితే ఇచ్చాను. కన్ను పెట్టి, పైన కుచ్చు కూడా నేసి అమ్మ వెనక్కి వంగి చూసి నవ్వుకుంది.

అప్పుడు పన్నె వైపు చూసింది. వదలాల్సిన జానెడు లేదు.

పొద్దుగూకే వేళకు నాయిన నూలు మూటతో వచ్చాడు. మగ్గం ముందు నిలబడ్డాడు. నాయినమ్మ ఊరుకోలేదు. "అన్నం పెట్టే మగ్గం మీద నెమలిని ఆడిచ్చినవ్. రేపు పోరగాండ్లకు దాని ఈకలు వండిపెట్టు" అంది.

నాయిన చాలాసేపు బొమ్మనే చూశాడు. "మంచిగున్నది" అన్నాడు. మిగిలిన కొసలు తడిమి, "జానెడు కావాలె గదా" అన్నాడు.

అమ్మ సూది తీసుకొని విప్పడం మొదలుపెట్టింది. నేతలో ఆఖరున వచ్చింది విప్పేటప్పుడు ముందు పోతుంది. తలమీద కుచ్చు పోయింది. కన్ను పోయింది. ముక్కు పోయింది. మెడ దగ్గరికి రాగానే నాయిన వంగి జాన పెట్టి కొలిచి, "ఇగ చాలు, తియ్యకు" అన్నాడు. వేళ్లు పూర్తిగా చాపకుండానే కొలిచాడని నాకనిపించింది. మర్నాడు ఆ పొట్టి కొసలకు దారాలు అతకలేక ఆయన పడ్డ తిప్పలు నేను చూశాను.

అలా తల లేని నెమలి మా ఇంట్లో మిగిలింది. వచ్చినవాళ్లంతా తలకాయేదని నవ్వేవాళ్లు. అమ్మ తొణికేది కాదు. "నీళ్లు తాగుతాంది. తల అవతలికి పెట్టింది" అనేది. కొన్నాళ్లకు నాయినమ్మ కూడా అందరికీ అదే చెప్పేది.

నా పెండ్లయ్యాక ఆ చిన్న జంపఖానా నాతో వచ్చింది. నా బిడ్డ సుశీలకు నాలుగేండ్లున్నప్పుడు, దీని తల ఏదని మా ఇంటికొచ్చిన అమ్మను అడిగింది. అమ్మ ఎప్పటి మాటే చెప్పింది. పిల్ల లేచి లోపలికి పోయి, చెంబెడు నీళ్లు తెచ్చి నెమలి మెడ ముందర పెట్టింది. మరి తాగాలి కదా... చెంబు ఒరిగి నీళ్లు పారాయి. నీలం రంగు దిగింది. ఎంత ఉతికినా ఆ మరక పోలేదు.

పోయిన ఏడాది సుశీల పోయింది.

అదీ వాళ్ల అమ్మమ్మ లాగే. ఆఫీసు, వంట, పిల్లలు... వాటి సందుల్లో చీరల మీద రంగులతో పువ్వులు వేసుకునేది. కుక్కర్ కూత కూత మధ్య ఒక్కో రెక్క. చివరి చీర కొంగు నుంచి మొదలుపెట్టి ముప్పావు దాకా వేసింది. మిగతా పావు తెల్లగా ఉంది.

"ఎవరితోనన్నా మిగతాది వేయిద్దామా అమ్మమ్మా" అని మనుమరాలు అడిగింది.

నేను ఆ చీరను అటూ ఇటూ తిప్పి చూశాను. "వద్దు బిడ్డా. పువ్వులన్నీ కొంగుకు, కుచ్చిళ్లకు వస్తయి. తెల్లది లోపలి చుట్టుకు పోతది. ఎవ్వలకూ కనవడదు. కట్టుకో" అన్నాను.

నిన్న కట్టుకొని ఆఫీసుకు పోయింది.

ఇప్పుడు దుకాణాల్లో ఏ బొమ్మ చూసినా తలా తోకా అన్నీ సరిగ్గానే ఉంటున్నాయి... మిషన్లకు మధ్యలో లేచే పని ఉండదు కదా. మీ ఇండ్లల్లో సగంలో ఆగిపోయినవి ఏమన్నా ఉన్నాయా... ఎవరు మొదలుపెట్టారో, ఇప్పుడు వాటిని మీరెట్లా వాడుకుంటున్నారో రాయండి. మనుమరాలు చదివి వినిపిస్తుంది.