గూట్లో దీపం

అరబ్బు దేశంలో ముఐథర్ అనే ఊరి చివర, మమ్మల్ని పనిలో పెట్టుకున్న అర్బాబు తోటలో పాత మట్టి ఇల్లొకటి ఉండేది. పక్కన సిమెంటు విల్లా లేచాక దాన్ని కూల్చేస్తానని ఆయన, వీల్లేదని తల్లి ఖదీజా. ఆమె చిన్నప్పుడు ముత్యాల వేటకు సముద్రం మీదికి వెళ్లిన తండ్రి తిరిగి రాలేదు. వస్తే ఈ ఇంటికే వస్తాడని ఆమె పట్టు. 1994లో, ముసలితనంలోనూ అదే మాట. కారు నడిపే నేను, మక్బూల్‌ని, ఆ తల్లీకొడుకుల మధ్య అరిగిపోయాను.

ఆ ఇల్లు నిలబడితేనే లస్మయ్యకు పని. జగిత్యాల దిక్కు మట్టిగోడలు పెట్టినవాడు. మేకల కాపరి వీసా మీద వచ్చి, బీటలు పూడ్చుకుంటూ అక్కడే ఉండిపోయాడు. మహా మొండి. మట్టిలో కలిపే గడ్డి తక్కువైతే నేనే తిన్నట్టు నా మీద విరుచుకుపడేవాడు.

లోపలి గదిలో ఒకచోట పూత ఎన్నిసార్లు వేసినా ఊడిపోయేది. విసుగొచ్చి తవ్వితే మూసేసిన గూడు బయటపడింది. మా దిక్కు ఇళ్లలో గూడంటే దీపానికే. సాయంత్రం లస్మయ్య నేల అలికి, గ్లాసులో నూనె పోసి వత్తి వెలిగించి, వరండాలో పడుకున్నాడు.

తెల్లారి నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్లాడు. గడప నుంచి గూటి దాకా పాదాల ముద్రలు. సన్నటివి. లస్మయ్యవి చేటల్లాంటి కాళ్లు.

"దీపం ఎవరు పెట్టమన్నారు?" వెనక ఖదీజా. "మా నాన్న కోసం అమ్మ రోజూ పెట్టేది. ఇక రాడని తనే మట్టితో మూసేసింది." ముద్రలు చూసి కళ్లు తుడుచుకుని, కొడుకుని పిలిచింది. "వచ్చాడు. ఇక కూల్చుకో."

అర్బాబు ఆగుతాడా, మధ్యాహ్నానికి బుల్డోజర్ తెచ్చాడు. లస్మయ్య గడపకు అడ్డంగా కూర్చున్నాడు.

"లెవ్వురా, నౌకరి పోతే పోయింది" అన్నాను.

"నౌకరి ముచ్చట కాదు భాయ్. అడుగులు లోపటికే ఉన్నయ్, బయటికి పోయినయేవి? మనిషి లోపటుండంగ ఇల్లెట్ల కూలగొడ్తరు? అమ్మకు చెప్పు."

అరబ్బీలో చెప్పాను. ఖదీజా చెప్పులు విడిచి ఒక్కతే లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆమె మాటలు మాకు వినిపిస్తూనే ఉన్నాయి, చిన్నపిల్ల గారాబంలా. నడుమ ఆగేది, ఎవరో చెప్పేది వింటున్నట్టు.

పొద్దు వాలి అసర్ నమాజు వేళకు ఆ మాటలూ ఆగిపోయాయి. పిలిచినా పలకలేదు. తలుపు తోస్తే, గూటి కింద గోడకు ఆనుకుని ఉంది. ఊపిరి లేదు.

అర్బాబు తల్లి మీద పడి ఏడుస్తున్నాడు. లస్మయ్య నేల చూపించాడు. గూటి నుంచి గడప దాకా ఆ సన్నటి పాదాలు, ఈసారి బయటికి. వాటి పక్కనే ఒక చిన్నపిల్ల పాదాలు.

లస్మయ్య దీపం ఆర్పి, తన దుప్పటి చంకన పెట్టుకున్నాడు.

"ఇగ కూలగొట్టుకొమ్మను" అన్నాడు.