చిన్నదొర బంతి అడిగితే

దొర ఎదురైతే చెప్పులు విప్పి చేతబట్టుకుని, పక్కకు ఒదిగి నిలబడే రోజులవి. నైజాం ఇంకా గద్దె మీదే ఉన్నాడు. ఫుట్‌బాల్ మైదానంలో మాత్రం మాకు ఆ బాధ తప్పింది, ఎందుకంటే మాలో ఎవరికీ చెప్పులే లేవు. జట్టు మొత్తంలో కాలికి తోలు తగిలినవాడు దొరగారి కొడుకు, మా చిన్నదొర ఒక్కడే. పట్నంలో చదువు మధ్యలో ఆపేసి (చదువే ఆయన్ను ఆపిందని మా బాపు అనేవాడు) ఊరికొస్తూ ఒక బంతినీ, ఒక జత బూట్లనూ, దేశం నలుమూలల జట్లు పోటీపడే ఒక కప్పు మీద పిచ్చినీ వెంట తెచ్చుకున్నాడు. ఒక్కసారి ఓడితే ఇంటికే, అలాంటి కప్పు. జొన్నకోత అయిన చేనులో కొయ్యకాళ్లు పీకించి మైదానం చేయించాడు. పీకింది మేమే. మేకల వెంట ఉరికి ఉరికి కాళ్లు తేలికైన గొల్లపిల్లవాణ్ని కనుక నన్ను ముందు వరుసలో నిలబెట్టాడు. నేను పరుగెత్తితే మా కట్టంగూరులో లేచిన దుమ్ము నల్లగొండ గుట్ట మీద పడేది. (సరే, కట్టంగూరులోనే పడేది.)

ఇక ఆ ఆట సంగతి వినండి, నా ఓపిక ఎంతటిదో మీకే తెలుస్తుంది. చిన్నదొర పరుగెత్తడు. ఎదుటివాళ్ల గోలు ముందర నిలబడి చెయ్యి ఊపుతాడు: "ఒరేయ్, ఇటియ్యిరా!" బంతి ఎవరి దగ్గరున్నా ఆయనకు చేరాలి, చేరాక ఇంకెవరూ ముట్టుకోకూడదు. మొదటి పోటీలో ఎదుటి జట్టంతా దొర భూములు కౌలుకు చేసేవాళ్లే. బంతి ఆయన కాళ్ల దగ్గరికి పోగానే ఎక్కడివాళ్లక్కడ ఆగి చేతులు కట్టుకున్నారు. వాళ్ల గోల్‌కీపరయితే "దండం దొరా" అని పక్కకు జరిగి దారి కూడా ఇచ్చాడు. అంత దారి ఇచ్చినా చిన్నదొర తన్నిన బంతి సరిగ్గా వాడు జరిగినవైపే పోయి వాడికే తగిలింది! "తప్పయింది దొరా" అంటూ పాపం వాడే ఆ బంతిని తీసుకెళ్లి గోలులో పెట్టి వచ్చాడు. ఈల పట్టుకున్నది దొర గుమస్తా. ఊదకుండా ఉంటాడా?

భువనగిరి కోట కింద రెండో పోటీ. వాళ్ల కెప్టెన్ తండ్రి దొరగారి దగ్గరే కొలువు. అక్కడా గెలిచాం. ఎదురొచ్చిన ప్రతివాణ్నీ తప్పించుకుంటూ, ఆయాసపడుతూ గోలు దాకా బంతిని తెచ్చేది నేను, అప్పగించేదీ నేనే. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"గీ ఒక్కసారి నేను కొడత దొరా."

"నువ్వు కొడితె నేనెందుకురా ఈడ?"

దానికి నా దగ్గర మంచి జవాబు ఉంది. అయినా బంతి ఆయనకే ఇచ్చాను.

మూడో పోటీ సికింద్రాబాదులో, తెల్ల సిపాయిల జట్టుతో. మా మేనమామకు అక్కడ రైల్వేలో నౌకరి. ముందురోజే నన్ను పక్కకు పిలిచి, "అల్లుడా, మా పెద్ద సాబ్ ఆట చూడనీకి వస్తుండు. ఒక్క గోల్ కొట్టు సాలు, మా జట్టులకు తీసుకుంటడు, నౌకరి ఇప్పిస్తడు. దొర గడీల వెట్టిచాకిరి తప్పుతది నీకు" అన్నాడు.

తీరా ఆట మొదలయ్యాక చూస్తే సిపాయిలకు మా దొర ఎవరో తెలియదు! ఒకడు భుజంతో తోశాడు, చిన్నదొర వెల్లకిలా పడ్డాడు. మా జట్టంతా ఆట ఆపి లేపడానికి పరుగెత్తాం. వడ్ల గుమ్మిలా ఉంటాడని మేం గుమ్మి అని పిలిచే మా గోల్‌కీపరు కూడా, గోలు వదిలేసి తువ్వాలతో దుమ్ము దులపడానికి వచ్చాడు. ఖాళీ గోలులో వాళ్లు బంతి పెట్టేశారు. "జర ఆగుర్రి, దొర పడ్డడు గద!" అని గుమ్మి అరిచాడు. వాళ్లకు తెలుగు వస్తేగా! ఆయన ఎన్నిసార్లు పడితే అన్ని గోల్స్.

"దొరా, జర బయట కూసోరాదుండ్రి" అన్నాను చివరికి.

"నేను కూసుంటె కప్పు ఎవడు తెస్తడురా, మీ తాతనా?"

ఆట ముగియబోతుండగా బంతి నాకు చిక్కింది. ఉరికాను. సిపాయిలు ఒక్కొక్కడే వెనకబడ్డారు. అడ్డమొచ్చిన వాళ్ల గోల్‌కీపరు జారి పడ్డాడు. ముందర ఖాళీ గోలు. నేను కొట్టిన దెబ్బకు వల చిరిగిందనీ, తెల్ల సాబులు టోపీలు తీశారనీ మా మనవలకు చెబుతుంటాను. వాళ్లు నమ్ముతారు కూడా. మీరు పెద్దవాళ్లు కనుక నిజం చెబుతున్నాను. ఎడమపక్క నుంచి రొప్పుతూ ఒక గొంతు: "ఒరేయ్, ఇటియ్యిరా!" గీత అవతల నుంచి మామ: "కొట్టు అల్లుడా, కొట్టు!" మామ కేక నా చెవులకు వినపడింది. దొర కేక నా కాళ్లకు వినపడింది. ఇచ్చేశాను.

చిన్నదొర బలమంతా కూడగట్టి తన్నాడు. బూటు ఊడి గోలులోకి దూసుకుపోయింది. బంతి ఉన్నచోటే ఉంది. అవతలి కొస నుంచి గుమ్మి ఒక్కడే "గోలూ!" అని చప్పట్లు కొట్టాడు.

ఆట అయ్యాక మామ నా రెక్క పట్టుకున్నాడు.

"బంతి ఎవలకిచ్చినవ్‌రా?"

"దొర అడిగిండు, మామ."

"రేపు నీ నౌకరి అడిగితె గది గూడ ఇస్తవా?"

"ఇచ్చిన గద, మామ."

మామ నా రెక్క వదిలేశాడు. నేను మళ్లీ గడీ వెట్టికే వచ్చి, ఆ గడీయే లేకుండా పోయేదాకా చేశాను.

కాళ్ల మీద నాకు కోపం లేదు, వాటికి అలవాటైన పని అవి చేశాయి. నా ఒళ్లు మండేది తర్వాతి సంగతికి. తిరుగు ప్రయాణంలో చిన్నదొర ఒంటి బూటుతో కూర్చుని, నన్ను దగ్గరికి పిలిచి, "మంచిగిచ్చినవ్‌రా బంతి" అని భుజం తట్టాడు. బతుకు చేజారిందని ఏడవాల్సిన ఆ మూర్ఖుడు, అంటే అప్పటి నేను, ముఖం ఇంత చేసుకుని "మీ దయ దొరా" అన్నాడు, ఊరొచ్చేదాకా ఆ భుజాన్ని తడుముకుంటూ మురిసిపోయాడు. వాడు గుర్తొచ్చినప్పుడల్లా చెంప మీద ఒకటివ్వాలని చెయ్యి లేపుతాను. తీరా వాడి ముఖంలో ఆ సంబరం చూస్తే నవ్వొచ్చి చెయ్యి దించేస్తాను.