చీటీ మీద అరచెయ్యి

మా ముత్తాత ఈ తీరంలో ఉప్పు కొఠార్ల యజమాని. మా తాత పల్లకి దిగితే తప్ప అక్కడ తూకం మొదలయ్యేది కాదు. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని.

మ్యూజియంలో మా టీచర్లకు మూడు రోజుల శిక్షణ ఇచ్చిన మేడం, ప్రతి వస్తువు ముందూ పేరు చీటీని అరచేత్తో మూసేవారు. "చదవబాకండి సార్. ముందు చూడండి," అనేవారు.

చివరి రోజు ఒక పల్లకి ముందు ఆగి, చీటీ మూసి, "ఇది ఎవురిదై ఉంటది?" అన్నారు.

"మాది," అన్నాను.

తెలుగు పంతులు నవ్వాడు. "సార్‌కి అన్నీ వాళ్ళవే మేడం. రేపు శ్రీహరికోట రాకెట్టు కూడా మాదే అంటాడు."

మేడం నవ్వలేదు. "ఏం చూసి చెప్తుండారు సార్?"

కుడివైపు చెక్కకున్న చీలికనూ, దాని మీద మా అవ్వ కొట్టించిన రాగిరేకునూ చూపించాను.

"చూసినారా, ఇట్లా చూడాల!" అని మెచ్చుకుని చెయ్యి తీశారు. అందరి ముందూ మా తాత పేరు వినపడుతుందని నిటారుగా నిలబడ్డాను.

"గూడూరు నిమ్మకాయల వ్యాపారి బహూకరణ," అని పంతులు గట్టిగా చదివాడు. మా పేరు ఎక్కడా లేదు.

మేడం గబుక్కున మళ్ళీ అరచెయ్యి అడ్డం పెట్టారు. ఆ జాలి నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

పల్లకిని ఆ వ్యాపారికి అమ్మింది మా నాన్నే, మోసే దండెతో సహా.