నంది వెనక చోటు

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో మా ఊరు. ఊరి శివాలయం చిన్నది. గర్భగుడి, ముందు ఒక మండపం, ఆవరణలో నంది, అంతే. గుడి సంగతులన్నీ నాకు చెప్పింది మా మేనత్త.

"గుడంటే మనిషి వెల్లకిలా పడుకున్నట్టురా. గర్భగుడి తల, మండపం పొట్ట, వాకిలి పాదాలు. నంది ఉండాడే, అది మనం. ఎదురుగా కూర్చోని చూస్తా ఉండటమే మన పని" అనేది.

మోకాళ్ళు పట్టేశాక అత్త మండపం మెట్లెక్కడం మానుకుంది. సోమవారాలు వచ్చి నంది వెనక నేల మీదే కూర్చునేది. అక్కడి నుంచి ఆ రెండు కొమ్ముల మధ్యగా లోపలి దీపం, లింగం మీది పూలు కనిపించేవి.

వానాకాలంలో ఆవరణలో నీళ్ళు నిలిచి నందికి పాచి పట్టేది. నిరుడు మరమ్మతు పని నేను నెత్తినేసుకున్నాను. మండపంతో సమానంగా గ్రానైట్ అరుగు కట్టించి నందిని దాని మీదికి ఎక్కించాలని నా ఆలోచన. పని మొదలైన రోజు అత్త అందరి ముందూ అంది.

"నందిని ఎత్తబాకరా. కింద కూర్చునేవాళ్ళకి అడ్డమవుతాది."

"నువ్వు తప్ప కింద ఎవరు కూర్చుంటారత్తా?" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

ప్రతిష్ఠ ఘనంగా జరిగింది. అత్త ఎప్పటిలాగే వచ్చి అదే చోట కూర్చుంటోంది కాబట్టి అంతా సరిగ్గానే ఉందనుకున్నాను. ఒక సోమవారం నేను మండపం దిగి వస్తుంటే, "దీపం పెట్టినారా?" అని అడిగింది.

"కనపడటంలా?" అంటూ ఆమె పక్కన కూర్చున్నాను. ఎదురుగా నున్నటి నల్లరాయి. దాని మీద పసుపు అక్షరాల్లో నా పేరు. పైన నంది తోక. ఇంకేమీ లేదు.

"ఆ రాతలేందిరా?" అంది. అత్తకు చదువు రాదు.

"కట్టించినవాళ్ళ పేరత్తా."

"నీ పేరేనా? బాగుండాది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది.

పూజారిని అడిగితే, "ప్రతిష్ఠ చేసినాక నందిని ఊరికే కదిలించకూడదు" అన్నారు. నా పేరున్న పలక తీయించాను. దానివల్ల దీపం కనిపిస్తుందా! తర్వాతి వారం అత్తను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేనూ ఇంకొకతనూ పైకి మోశాం. చీర కుచ్చిళ్ళు బిగించి పట్టుకుని, అందరూ చూస్తున్నారని తల వంచుకునే ఉంది. దించాక, "ఇంకెప్పుడూ ఇట్ట మొయ్యబాకండ్రా, సిగ్గుగా ఉండాది" అంది.

అప్పటి నుంచి సోమవారాలు నేనే పైకెళ్ళి చూసి వచ్చి ఆమెకు చెబుతున్నాను. మొన్న హారతి వేళకు ఫోన్ వచ్చింది. మండపం చివర నిలబడి మాట్లాడి, అలాగే దిగి వచ్చేశాను.

"ఈ పొద్దు ఏం పూలురా?" అంది.

"గన్నేరు పూలత్తా" అన్నాను.

అత్త కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. నేను మళ్ళీ మెట్లెక్కి లోపలికి చూశాను. లింగం మీద జిల్లేడు పూల మాల ఉంది. దిగి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను గానీ, ఆ మాట చెప్పలేకపోయాను.