కుర్చీ అంటే గిట్టని మాస్టారు

వీడియో గేములకు బొమ్మలు గీయడం నేర్పే మా గేమ్ ఆర్ట్ మాస్టారికి కుర్చీ అంటే గిట్టదు. బల్లులంటే గిట్టనివాళ్లను చూశాను గానీ, నాలుగు కాళ్లమీద కదలకుండా పడివుండే వస్తువు మీద అంత పగబట్టిన మనిషిని మరొకరిని చూడలేదు. తొమ్మిదో తరగతిలో మాకు పాఠం మొదలుపెట్టిన రెండో రోజే ఇరవై ఎనిమిది కుర్చీలనూ పక్కనున్న సామాన్ల గదిలో వేయించి తాళం పెట్టేశారు.

"మీరు కూర్చుంటే మీ బొమ్మ కూడా కూలబడుతుంది. లేవండి, తిరగండి, గియ్యండి!"

నాకైతే ప్రాణం లేచొచ్చింది. నేను పది నిమిషాలు ఒకచోట కూర్చోలేను. "కాళ్లకింద నిప్పులు పోశారటే?" అని అమ్మ విసుక్కునేది. ప్రతి క్లాసు నుంచీ ఫిర్యాదులే. "గేమ్ ఆర్ట్‌లో కూడా సీట్లోంచి లేచావని ఒక్క మాట వినిపించిందా, ఆ క్లాసు మానిపించేస్తాను" అని ప్రిన్సిపాల్ గారు ఖరాఖండిగా చెప్పేశారు. బడి మొత్తంలో నేను ఎదురుచూసేది ఆ ఒక్క క్లాసు కోసమే.

మేం ఎత్తు బల్లల దగ్గర నిలబడి రాక్షసులను గీస్తుంటే మాస్టారు వెనకాల గిరగిరా తిరిగేవారు. "ముందు ఒట్టి నల్లటి ఆకారం గియ్యి. అది చూసి వీడు దొంగో దొరో తెలియకపోతే ఎన్ని రంగులు పూసినా దండగే!"

ఒకసారి నా పక్కవాడు దర్జాగా కూర్చున్న రాజును గీశాడు.

"వీణ్ణి లేపు," అన్నారు మాస్టారు.

"రాజు సార్! అది సింహాసనం!"

"అయితే? అది కుర్చీ కాదా? లేపు!"

రాజు లేచాడు. ఆ ఏడాది మా క్లాసంతా కలిసి తయారుచేసిన ఆటలో బండి తోలేవాడు కూడా నిలబడే తోలాడు.

ఒకరోజు ప్రిన్సిపాల్ గారు తనిఖీకి వచ్చారు. కూర్చోవడానికి చుట్టూ వెతికి, చివరికి నన్ను చూశారు. "ఆ అమ్మాయేంటి, అలా తిరుగుతోంది?"

"తిరగనిది ఎవరో చూపించండి," అన్నారు మాస్టారు.

నిజమే, క్లాసంతా తిరుగుతోంది. ప్రిన్సిపాల్ గారు కాసేపు నిలబడి, నడుం పట్టుకుని వెళ్లిపోయారు.

మా ఆటను బడిలో అందరికీ చూపించే ప్రదర్శనకు వారం ముందు, మందపాటి కాగితాల కోసం సామాన్ల గదికి వెళ్లాను. తలుపు ఓరగా తీసివుంది. లోపల ఒక కుర్చీలో మాస్టారు, ఎదురు కుర్చీలో ఆయన కాళ్లు. మోకాళ్లకు తైలం రాసుకుంటున్నారు.

"సార్! కుర్చీ!" అని అరిచాను.

"ముందు తలుపు వెయ్యవమ్మా, ఎవరైనా చూస్తారు."

"మోకాళ్ల నొప్పులా సార్? ఎప్పట్నించి?"

"నువ్వు పుట్టకముందు నించి. నిలబడొద్దని డాక్టరు మొత్తుకుంటూనే ఉన్నాడు."

"మరెందుకు సార్ ఇదంతా?"

ఆయన సీసా మూత బిగించారు. "మొదటి రోజు పదకొండుసార్లు లేచావు. నువ్వొక్కదానివే లేస్తే ఫిర్యాదు రాయాలి. అందరూ నిలబడితే అది నా పద్ధతి. పద్ధతి మీద ఎవరేం రాస్తారు?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కదలకుండా నిలబడిపోయాను.

"ఏంటలా చూస్తావ్? వెళ్లి గియ్యి!"

ప్రదర్శనలో మా ఆటలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు, నేను గీసిన ముసలి మాంత్రికుడు. కాళ్లు చాపుకున్నాడు, పక్కన తైలం సీసా ఉంది. మాస్టారు ఆ బొమ్మ ముందు ఆగి, అలవాటుకొద్దీ "లే..." అని, సీసా చూసి ఆగిపోయారు. అటూ ఇటూ చూశారు.

"సరేలే," అన్నారు మెల్లగా. "వీణ్ణి మాత్రం కాసేపు కూర్చోనీ."