మంచు ఊళ్ళో తలకు పోసుకున్న రోజు

నేను జపాన్ పోయొచ్చానని తెలిసినప్పటి నుంచి కువైట్ అబ్బాసియాలో నన్ను వదిలిపెట్టేవాళ్ళు లేరు. శుక్రవారం సెలవు దొరికి కూరగాయల కొట్టుకు పోతే చాలు, "ఏం కా, మంచులో ఆడుకున్యావంట గదా, నీకేం తక్కువ కా" అంటారు. అందరూ రాయచోటి, పీలేరు పక్క ఆడవాళ్ళే. నవ్వి ఊరుకుంటాను. నోరు తెరిస్తే మంచిగా ఉండదు. మంచులో ఆడుకోవడానికి నేనేమన్నా కొత్త పెళ్ళికూతుర్నా? ముసలామెను ఎత్తి దించడానికి పోయాను.

రుమైథియాలో నేను పనిచేసే ఇంటి ఇల్లాలిని మామా అంటాను. పనికి వచ్చిన ఆడవాళ్ళందరం యజమానురాలిని అట్లాగే పిలుస్తాం. ఆమె అత్తగారిని ఇంటిల్లిపాదీ యుమ్మా అంటారు. అమ్మ అని అర్థం. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేదు. నేను తప్ప ఇంకొకరు చెయ్యి వేస్తే కేకలు పెడుతుంది. పనికున్న ఫిలిప్పీన్స్ పిల్ల ఒకసారి లేపబోతే చేతి మీద కొరికింది. నా మీద ప్రేమ అనుకునేరు, అదేం కాదు. నా మెడ పట్టుకుంటే పడిపోదని నమ్మకం.

నా చెల్లెలు ఎగైలాలో ఇంకో ఇంట్లో పనిచేసేది. నాకంటే బాగా చిన్నది. అమ్మ పోయాక దాన్ని చంకనేసుకుని పెంచింది నేనే. ఇద్దరికీ మొగుళ్ళు ఉన్నా లేనట్టే, పిల్లలు అసలే లేరు. దానికి నేను, నాకు అది. ఆ చలికాలం మొదట్లో దానికి జ్వరం పట్టుకుంది. అన్నం చూస్తే వాంతి. ఒకరోజు వీడియో ఫోన్‌లో దాని ముఖం చూసి, ఇంకా దగ్గరికి పెట్టమన్నాను.

"ఏం మే, కండ్లకు పసుపు పూసుకున్యావా?"

"లైటు అట్లుండాది లే కా."

"లైటు లేదు గీటు లేదు. నాలిక సాపు, సూస్తా."

నాలుకా పచ్చగానే ఉంది. కామెర్లని ఇద్దరికీ తెలిసిపోయింది. ఇద్దరమూ పేరెత్తలేదు. మా పల్లెల్లో కామెర్లకు ఆస్పత్రికి పోరు. సూది పడితే మనిషి దక్కదని మా అవ్వ కాలం నుంచీ ఒక మాట. పక్క ఊళ్ళో ఒకాయన ఉన్నాడు, పరగడుపున ఆకు పసరు తాగిస్తాడు, ఉప్పూ నూనె లేని పత్యం పెట్టిస్తాడు. నాకూ చిన్నప్పుడు తాగించాడు, బతికాను. కాబట్టి చెల్లెల్ని ఊరికి పంపాలి, ఆ పసరు దాని కడుపులో పడాలి. మాకు తెలిసిన దారి అదొక్కటే. వాళ్ళ మామా క్లినిక్‌కు పంపితే, డాక్టరుకు కళ్ళు కనపడకుండా తల వంచుకుని కూర్చుని, జ్వరమని చెప్పి మాత్రలు తెచ్చుకుందట. "ఎట్లా మోసం జేసినా సూడు కా" అని నవ్వింది. నేనూ నవ్వాను, మా తెలివి తెల్లారినట్టే ఉంది.

పోవాలంటే పాస్‌పోర్టు కావాలి. అది ఆ మామా బీరువాలో ఉంది. ఒప్పందం గడువు తీరేదాకా ఇచ్చేది లేదనీ, ఇదంతా పని ఎగ్గొట్టే నాటకమనీ అందామె. మా మామాకు ఆమె దూరపు చుట్టం, పెళ్ళిళ్ళలో ముద్దులు పెట్టుకునేంత దగ్గర. అందుకని మా మామా కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాను. "మా చెల్లెలికి ఒళ్ళు బాగలేదు మామా. పాస్‌పోర్టు ఇప్పించు. నువ్వు ఒక్క మాట చెబితే ఆమె వింటుంది."

"వింటుంది, ఎందుకు వినదు. నేను ఫోన్ చేసి చెబుతాలే, ఇన్షా అల్లా" అంది మామా.

ఆ వారంలోనే పిల్లల బడులకు సెలవులొచ్చాయి. జపాన్‌లో కొండల మధ్య మంచు పడే ఊరొకటుందనీ, అక్కడ భూమిలోంచి వేడినీళ్ళు ఊరతాయనీ, ముసలివాళ్ళ మోకాళ్ళకు మంచిదనీ ఎవరో చెప్పారు. టికెట్లు వచ్చేశాయి. చెల్లెలి సంగతి తేలేదాకా నేను రానని మొత్తుకున్నాను. మామా నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు లేకపోతే యుమ్మా విమానం ఎక్కదు. ఎన్ని రోజులు, ఇట్టే వచ్చేస్తాం. ఫోన్ అక్కడి నుంచే చేస్తాను. సబర్" అంది. సబర్ అంటే ఓపిక పట్టమని. ఈ దేశంలో అడుగు పెట్టినప్పటి నుంచీ పడుతున్నది అదే.

మేం దిగిన సత్రం చూడటానికి బాగాలేదని అబద్ధమెందుకు, బాగానే ఉంది. పాత చెక్క ఇల్లు, పైన మూరెడు మందాన గడ్డి కప్పు, దాని మీద మనిషెత్తు మంచు. గోడలన్నీ కాగితం తలుపులే. చెప్పులు గుమ్మం దగ్గరే వదలాలి. మంచాలు లేవు. సాయంత్రం ఆ సత్రం ఇంటావిడ వచ్చి చాపల మీద పరుపులు పరిచి, పొద్దున చుట్టేసేది. యుమ్మాను నేల మీది నుంచి లేపేసరికి నా నడుము విరిగేది. నడవలో నిలబడితే నోట్లోంచి పొగ. మధ్య గదిలో నేలలో తవ్విన పొయ్యి, దాని మీద గొలుసుకు వేలాడే ఇనుప కెటిల్. రోజంతా కప్పు మీది మంచు జారి దబ్బుమని పడేది. పడినప్పుడల్లా నాకు ఉలికిపాటు.

ఇంటావిడ డెబ్బై ఏళ్ళ మనిషి. వంగి వంగి నడిచేది, గదిలోకి వస్తే మోకాళ్ళ మీద కూర్చుని తలుపు జరిపేది. ఆ ఇంట్లో అన్నిటికీ పద్ధతులున్నాయి. మరుగుదొడ్డికి వేరే చెప్పులు. వేడినీళ్ళ తొట్టికి ఇంకా పెద్ద పద్ధతి. ముందు పక్కన పీట మీద కూర్చుని ఒళ్ళు రుద్దుకుని కడుక్కోవాలి. ఆ తర్వాత నూలుపోగు లేకుండా నీళ్ళలోకి దిగాలి. చేతిగుడ్డ కూడా నీళ్ళకు తగలకూడదు. అందరూ దిగే నీళ్ళు కదా, మైల పడకూడదని. మధ్యాహ్నం కాసేపు మా వాళ్ళకోసమే ఆ గది విడిగా ఇచ్చేవాళ్ళు. యుమ్మాను కడిగి దించి, నేను ఒడ్డున గొంతుకూర్చుని ఆమె చంకలు పట్టుకునేదాన్ని. నేను మాత్రం బట్ట విప్పనూ లేదు, దిగనూ లేదు.

మొదటి రోజు ప్రయాణం బడలిక. మర్నాడు పొద్దున్నే అడిగాను. "మామా, ఫోన్."

"ఇప్పుడు కువైట్‌లో నడిరాత్రి. సాయంత్రం చేస్తా" అంది.

సాయంత్రం ఇంకో చిక్కు వచ్చిపడింది. సెలవుల్లో ఎగైలా మామా మధ్యాహ్నం దాకా పక్క దిగదు. ఆమె లేచే వేళకు మాకు ఇక్కడ చీకటి పడి, భోజనాల వేళయ్యేది. ఆ భోజనం ఇంటావిడ గంట కొట్టినట్టు ఒకే వేళకు పెట్టేది. చిన్న చిన్న గిన్నెలు వరసగా తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కోటి చేతికిచ్చేది. మధ్యలో లేస్తే ఆమెను అవమానించినట్టట. మామా మర్యాదస్తురాలు, లేచేది కాదు. తిన్నాక పిల్లల గొడవ, తర్వాత వాళ్ళ అక్కచెల్లెళ్ళకు మంచు ఫోటోలు, తర్వాత నిద్ర. "బాచర్" అనేది, రేపని. మరునాడూ బాచరే. మెత్తగా, నవ్వుతూ అనేది. అరిచినా బాగుండేది, తిరిగి అరిచేదాన్ని.

చెల్లెలు మాత్రం నన్ను తొందరపెట్టలేదు. "కా, మంచు సూపీ కా" అనేది. ఫోన్ పట్టుకుని వాకిట్లోకి పోయి చూపించాను. ముఖం ఉబ్బింది దానిది, మాట ముద్దగా వస్తోంది.

"ఉప్పు మాదిరుండాది కా. నీకు సలి ల్యా?"

"నా సలి సంగతి నీకెందుకు మే. ఏమన్నా తిన్యావా?"

"తింటాలే. పాస్‌పోర్టు వస్తే సాలు, ఊర్లో తింటా. మామా అడిగిందా?"

"అడుగుతాండాది. రేపు వస్తాది" అన్నాను. నేనూ బాచర్ అనేశాను దానితో. ఏం చెప్పమంటారు మరి?

ఆ మర్నాడు మధ్యాహ్నం మామా, ఆమె మొగుడు, పిల్లలు అందరూ మంచులో జారే ఆటకు పోయారు. యుమ్మాను స్నానానికి తీసుకుపోదామని తువ్వాలు సర్దుతున్నాను. ఎగైలాలో చెల్లెలి పక్కింట్లో పనిచేసే కడప ఆమె ఫోన్ చేసింది. అప్పుడు అక్కడ తెల్లవారుజాము. ఆ వేళకు ఫోన్ వస్తే ఎవరికి తెలీదు? ఎత్తాలనిపించలేదు. ఎత్తాను.

"కా, ఆయమ్మి రాత్రి పడిపాయ కా. అంబులెన్సు వచ్చినాది. ఆస్పత్రికి తోలుకపోయినారు గానీ... ల్యాదు కా. నీ సెల్లెలు ల్యాదు కా."

నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు. ఒకటే తట్టింది, తలకు పోసుకోవాలి. మా వైపు సొంతవాళ్ళ చావు కబురు చెవిన పడితే నిలుచున్న పాటున, కట్టుబట్టలతోనే తలకు పోసుకోవాలి. పోసుకునేదాకా ఎవరినీ ముట్టకూడదు. పరుపు మీద యుమ్మా చేతులు చాచి "యల్లా, యల్లా" అని పిలుస్తోంది, ఎత్తమని. ఆమెను ఎట్లా ముట్టను? ఆ నడవంతా పరిగెత్తాను. కొళాయి తిప్పాలనీ, చెంబు వెతకాలనీ తోచలేదు. ఎదురుగా నీళ్ళు కనపడ్డాయి. ఉన్ని చొక్కా, పైజామా, మేజోళ్ళు అన్నిటితో ఆ తొట్టిలోకి దిగి మూడు మునకలు వేశాను.

తల ఎత్తితే ఇద్దరు జపాను ముసలమ్మలు మూలకు ఒదిగి నన్నే చూస్తున్నారు. మా వాళ్ళ వేళ ఇంకా కాలేదని అప్పుడు తెలిసింది. ఒకామె కేక పెట్టింది. ఇంటావిడ వచ్చింది. నీళ్ళలో నా చున్నీ రంగు దిగుతోంది. ఆమె వాళ్ళిద్దరికీ వంగి వంగి దండాలు పెట్టి, బయటికి పంపి, నన్ను చెయ్యి పట్టి లేపి, అడుగున బిరడా లాగేసింది. పొడి బట్టలు తెచ్చి తొడిగి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, మళ్ళీ పోయి తొట్టి తోముకుంది. ఆ తోమే చప్పుడు చాలాసేపు వినపడింది.

సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చారు. ఇంటావిడ ఫోన్‌లో మాటలు అరబ్బీలోకి తిప్పి చూపించి సంగతి చెప్పినట్టుంది. మామా ముఖం ఎర్రగా చేసుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఐబ్! సిగ్గు లేదా? బట్టలతో దిగుతావా? ఈ ఇంట్లో నా పరువేం కాను?"

"మా చెల్లెలు చచ్చిపోయింది మామా" అన్నాను.

కువైట్‌కు వచ్చిన ఇన్నేళ్ళలో మామా నేల మీద కూలబడటం అప్పుడే చూశాను. ఎందువల్ల అని అడిగింది. కామెర్లని చెప్పాను. "పచ్చబడిందని నాకెందుకు చెప్పలేదు? డ్రైవరును పంపి పెద్దాస్పత్రిలో చేర్పించేదాన్ని కదా" అని తల కొట్టుకుంది. చేర్పించేదేమో. ఆస్పత్రి వద్దని మేమనుకున్నామని ఆమెకేం తెలుసు? మేమడిగింది ఒక్క ఫోను. దానికి తీరిక దొరకలేదు.

అప్పుడు తీసింది ఫోను, నా ఎదురుగానే. బయట ఇంటావిడ గిన్నెలు పట్టుకుని భోజనానికి కాచుకుని ఉంది, ఆ రోజు ఆగింది. ఎగైలా మామా గొంతు నాకూ వినిపించింది. ఏడుస్తోంది. శవం పంపడానికి పాస్‌పోర్టు ఇప్పుడే ఇచ్చేస్తానంది. టికెట్టు, పెట్టె, ఖర్చంతా తనదే అంది. ఆ తర్వాత అంది: "నువ్వు ముందే ఒక్క మాట చెప్పి ఉంటే అప్పుడే ఇచ్చేదాన్ని కదా, నీ మాట ఎప్పుడన్నా కాదన్నానా?"

మామా నా వైపు చూడలేదు. నేను లేచి పోయి యుమ్మాను ఎత్తి కూర్చోబెట్టాను. ఎత్తేవాళ్ళు లేక మధ్యాహ్నం నుంచీ ఉచ్చతో తడిసిన బట్టల్లోనే ఉంది ఆమె.

సెలవు ముగిసేదాకా అక్కడే ఉన్నాం. నన్నొక్కదాన్నే ముందు పంపడానికి వీసా కుదరదన్నారు. మేం కువైట్‌లో దిగేసరికే చెల్లెలు పెట్టెలో ఊరికి పోయింది. మట్టి చేసేది చిన్నాయన కొడుకు ఫోన్‌లో చూపించాడు. గుంటలో పెట్టేటప్పుడు బొమ్మ నిలిచిపోయింది. మళ్ళీ వచ్చేసరికి మట్టి పోసేశారు.

వేడినీళ్ళు పనిచేశాయో ఏమో, యుమ్మా ఇప్పుడు కర్ర పట్టుకుని స్నానాల గది దాకా నడుస్తోంది. ఈ చలికాలం మళ్ళీ అదే సత్రానికి పోదామంటున్నారు. మొన్న మామా వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, చాలా మెల్లిగా అడిగింది.

"ఈసారి ఎవరితోనైనా మాట్లాడాల్సింది ఉంటే ఇప్పుడే చెప్పు. పోకముందే ఫోన్ చేసేస్తాను, వల్లా, దేవుడి మీద ఒట్టు."

"ఎవరూ లేరు మామా" అన్నాను.