చిల్లర్ తలుపు మీద పనుల పట్టిక

అల్ ఖర్జ్ దగ్గర ఒక డెయిరీ ఫారంలో మరమ్మతుల పనంతా నా నెత్తిన ఉండేది. ఎవరు ఏ పనిలో ఉన్నారో చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటుండేది గానీ, తలకింత చొప్పున దాని చందా చూసి మా సౌదీ మేనేజరు ముదీర్‌కు కళ్లు తిరిగాయి. "దీన్ని ఆపేయ్. ఖర్చు లేనిదేదైనా చూడు," అన్నాడు వచ్చీరాని హిందీలో.

ఖర్చు లేనిదంటే ఇక నా బుర్రే. పాలు చల్లబరిచే పాత చిల్లర్ గది ఇనుప తలుపు వర్క్‌షాపులో పడుంటే గోడకు ఆనించాను. మేతతోపాటు పోయిన తీగముక్కలు కడుపులో గుచ్చుకోకుండా ఆవులకు అయస్కాంతాలు మింగిస్తారు. పశువుల డాక్టరు దగ్గర అవి కొన్ని అడుక్కొచ్చాను. ఒక్కో పనికి ఒక్కో అట్టముక్కను వాటితో తలుపుకు అంటించాను. మావాళ్లవి నాలుగు భాషలు కాబట్టి రాతలు లేవు, ఫ్యాను, పంపు, పైపు బొమ్మలే. మొదలుపెట్టనివి ఎడమవైపు, నడుస్తున్నవి మధ్యలో, అయిపోయినవి కుడివైపు. మావాళ్లందరికీ చెప్పాను. ముదీర్‌కు చెప్పాలని మాత్రం తట్టలేదు. చూస్తే తెలియదా అనుకున్నాను, నా తెలివి మీద నాకంత గురి.

ఎండలు ముదిరేలోగా షెడ్లన్నిట్లో ఫ్యాన్లు బాగైతేనే నా సెలవు కాగితం మీద సంతకమని ఆయన ముందే చెప్పాడు. నా కూతురు పుట్టి ఎనిమిది నెలలు. ఇంకా ఒక్కసారీ ఎత్తుకోలేదు.

మొదటిరోజు అట్టలన్నీ ఎడమవైపే ఉన్నాయి. ముదీర్ చూసి "మాషా అల్లా!" అంటూ నా భుజం తట్టాడు. పని మొదలుకాకముందే మెప్పా అని పొంగిపోయాను. వారం తిరిగేసరికి సగం అట్టలు కుడివైపు చేరాయి, ఆయన మొహం మాడిపోయింది. మేం చేసేకొద్దీ ఆయనకు కోపం పెరిగింది. నెల తిరిగేసరికి ఆఖరి అట్ట కూడా కుడికి జరిపి, సెలవు కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"ఒక్క పనీ మొదలుపెట్టలేదు, సెలవు కావాలా?" అని గుడ్లురిమాడు.

నాకు ఒళ్లు మండింది. ఆయన్ని షెడ్డుకు తీసుకెళ్లాను. ఫ్యాన్లన్నీ గిర్రున తిరుగుతున్నాయి, ఆవులు హాయిగా నెమరేస్తున్నాయి. ఆయన బిత్తరపోయి వెనక్కొచ్చి, తలుపు మీద కుడి నుంచి ఎడమకు వేలు జరిపాడు. అప్పుడు వెలిగింది నాకు. అరబ్బీ చదివే కళ్లు కుడి నుంచి మొదలుపెడతాయి. ఆయన లెక్కలో మేం నెలంతా అయిపోయిన పనుల్ని ఒక్కొక్కటే చెడగొట్టుకుంటూ వచ్చాం!

విషయం చెబితే విరగబడి నవ్వి సంతకం పెట్టాడు. "మొదటిరోజే అన్నీ ఖలాస్ అని హెడ్డాఫీసుకు రాసేశాను, ఎవరితో అనకు," అన్నాడు.

 వెంటనే కడపలో ఉన్న నా భార్యకు ఫోన్ చేసి వస్తున్నానన్నాను.

"తొందరగా రా," అంది. "పాప గోడ పట్టుకోని లేసి నిలబడ్తాండాది. ఇంకొన్నాళ్లు పోతే నువ్వు ఎత్తుకుంటానన్నా సంకెక్కదు."